లాగ్ ఫైల్ డేటా ఫైల్‌ను మించి పెరిగింది, తొలగించవచ్చా?

ప్రశ్న:
మా ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటాబేస్‌లో ఎండీఎఫ్ ఫైల్ (డేటా ఉండేది) 40 జీబీ ఉండగా, ఎల్‌డీఎఫ్ ఫైల్ (మార్పుల చిట్టా, అంటే లాగ్ ఉండేది) 110 జీబీకి చేరింది. ప్రతి రాత్రి ఫుల్ బ్యాకప్ తీస్తూనే ఉన్నాము. డేటా అంతా ఎండీఎఫ్‌లోనే ఉన్నప్పుడు సర్వీసు ఆపి ఎల్‌డీఎఫ్‌ను తొలగిస్తే నష్టమేమిటి? లేదా మరో డిస్క్‌లో రెండో లాగ్ ఫైల్ చేర్చితే రాతల వేగం పెరుగుతుందా?

జవాబు 1:
దయచేసి తొలగించకండి. డేటా అంతా ఎండీఎఫ్‌లోనే ఉందనుకోవడం సరికాదు. ఆ ఫైల్ 8 కేబీల పేజీలుగా విభజించి ఉంటుంది. మీరు ఒక ఖాతా నిల్వను 500 నుంచి 700కు మార్చారనుకోండి. ఆ ఖాతా వివరాలున్న పేజీ మెమరీలోకి వచ్చి అక్కడే మారుతుంది, మార్పు వివరం లాగ్ రికార్డుగా తయారవుతుంది, కమిట్ చేసినప్పుడు (మార్పును ఖరారు చేసినప్పుడు) ఆ రికార్డు డిస్క్ మీది లాగ్‌కు చేరాకే అప్లికేషన్‌కు సమాధానం వెళుతుంది. మారిన పేజీ మాత్రం చెక్‌పాయింట్ (మారిన పేజీలను డిస్క్‌కు రాసే సమయం) దాకా మెమరీలోనే ఉండిపోవచ్చు, కాబట్టి అంతలో కరెంటు పోతే ఎండీఎఫ్‌లో ఇంకా 500 అనే ఉంటుంది. దీనికి తిరగబడిన పరిస్థితి ఇంకా ప్రమాదకరం: కమిట్ కాని మార్పు ఉన్న పేజీ ముందే డిస్క్‌కు చేరి ఉండవచ్చు. సర్వర్ మళ్లీ మొదలైనప్పుడు ఈ రెంటినీ సరిదిద్దేది లాగే.

జవాబు 2:
మీ డేటాబేస్ ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్ రికార్డులను అట్టిపెట్టే అమరికలో) ఉండి ఉంటుంది. అందులో ఫుల్ బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్ ఖాళీ కాదు, లాగ్ బ్యాకప్ విడిగా తీయాలి. డేటాబేస్‌ల వివరాలు చూపే సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్ చూడండి, లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో అక్కడే కనిపిస్తుంది. రెండో లాగ్ ఫైల్ వల్ల వేగం పెరగదు. డేటా ఫైళ్లలోకి రాతలు ఖాళీ స్థలాన్ని బట్టి పంచుకుపోతాయి గానీ, లాగ్ ఒక ఫైల్ నిండాకే తరువాతి దానిలోకి వెళుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ కాలమ్‌లో లాగ్_బ్యాకప్ అని ఉంది. లాగ్ బ్యాకప్ తీశాను, అయినా ఫైల్ 110 జీబీ దగ్గరే ఉంది.

జవాబు 2:
ఉండాలి కూడా. బ్యాకప్ వల్ల ఫైల్ కుదించుకుపోదు. లోపలి వర్చువల్ లాగ్ ఫైళ్లు (లాగ్ ఫైల్‌లోని భాగాలు) తిరిగి వాడుకోవడానికి వీలవుతాయి, అంతే. గంటకోసారి లాగ్ బ్యాకప్ జరిగేలా ఏర్పాటు చేసుకుని, కొన్ని రోజుల వాడకం గమనించి, అందుకు సరిపడే పరిమాణానికి డీబీసీసీ ష్రింక్‌ఫైల్ అనే ఆదేశంతో ఒక్కసారి తగ్గించండి. ప్రతి రాత్రి ష్రింక్ చేసే జాబ్ మాత్రం పెట్టవద్దు. మర్నాడు ఆ ఫైల్ మళ్లీ పెరగాల్సి వచ్చి, పెరిగిన ప్రతిసారీ లావాదేవీలు ఆగి ఎదురుచూస్తాయి.

జవాబు 3:
పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవారికీ, లాగ్‌ను చేత్తో తొలగించకూడదన్న మాట వర్తిస్తుంది. అక్కడ లాగ్ సాధారణంగా 16 ఎంబీ ముక్కలుగా పీజీ_వాల్ డైరెక్టరీలో ఉంటుంది. డిస్క్ నిండిందని వాటిని చేత్తో చెరిపేస్తే సర్వరే లేవకపోవచ్చు.