ఇసుక అయిపోయి స్లాబు ఆగింది, సిమెంటు గడ్డ కట్టింది: సైటుకు సరుకు సమయానికి రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: సైటు ఇంజినీరు, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరులో గోరంట్ల వైపు 400 గజాల స్థలంలో స్టిల్టు (కింద పార్కింగు అంతస్తు), దానిపై అయిదు అంతస్తుల అపార్టుమెంటు కడుతున్నాము. పనివాళ్ళు నమ్మకమైనవాళ్ళు, డబ్బుకూ పెద్ద ఇబ్బంది లేదు. అయినా కావలసిన సరుకు కావలసిన రోజున సైటులో ఉండడం లేదు.

ధర పెరుగుతుందని డీలరు చెప్పడంతో మే నెలలో 600 బస్తాల సిమెంటు ఒకేసారి దించుకున్నాము. ఆగస్టు వానలకు గోడకు ఆనుకుని ఉన్న వరుసలో అడుగు బస్తాలు గడ్డ కట్టాయి. ఆ గడ్డలు వేళ్ళ మధ్య నలిపినా పొడి కాకపోవడంతో దాదాపు 40 బస్తాలు పక్కన పడేశాము. అదే నెలలో రెండో అంతస్తు స్లాబు వేశాము. అది బీములతో కలిపి 40 ఘనపు మీటర్లు, ఎం20 రకం కాంక్రీటు మిశ్రమం. 320 బస్తాల సిమెంటు, ఆరు యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు) ఇసుక సరిపోతాయని లెక్క కట్టాను. ఇంకా అయిదో వంతు పని ఉండగానే ఇసుక అయిపోయింది. స్టాకు యార్డులో ఆ మధ్యాహ్నం లోడింగు లేదన్నారు. స్పాను (రెండు ఆధారాల మధ్య భాగం) నడుమ, కోత బలం (స్లాబును అడ్డంగా తెంచే బలం) తక్కువగా ఉండే చోట ఇవ్వవలసిన జాయింటును, అంటే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకును, అనుకోని చోట వదలవలసి వచ్చింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. సరుకు రాకను మీరంతా ఎలా కుదుర్చుకుంటున్నారో దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: కాంట్రాక్టరు, విజయవాడ

మీరు నిల్వ చేయకూడనిది నిల్వ చేశారండి, చేయవలసినదాన్ని ఏ రోజుకు ఆ రోజు తెప్పించుకున్నారు. జగ్గయ్యపేట, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్న మన ప్రాంతంలో సిమెంటు దొరకని రోజు చాలా అరుదు. స్లాబుకు రెండు రోజుల ముందు చెబితే 320 బస్తాలు, అంటే 16 టన్నులు, ఒక్క లారీలో వచ్చేస్తాయి. మూడు నెలలు దాటిన సిమెంటును మళ్ళీ పరీక్షించకుండా వాడకూడదు కాబట్టి, బస్తాకు మిగిలే పది రూపాయల కోసం ఆ భయం నెత్తిన పెట్టుకోవడం దేనికి? ఉన్న కొద్ది నిల్వనైనా చెక్క పలకల మీద, గోడకు ఎడంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్పించండి. ముందు వచ్చిన బస్తా ముందు వాడేలా చూడండి.

ఇసుక సంగతి వేరు. నాగార్జునసాగర్, పులిచింతల గేట్లు ఎత్తారంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువనా దిగువనా రీచులు (నదిలో ఇసుక తవ్వే చోట్లు) నీటిలో ఉంటాయి. అప్పుడు యార్డుల్లో పోగుచేసిన ఇసుకే దిక్కు, దాని కోసం లారీలు వరుసలో నిలబడతాయి. ఇసుక ఏడాది ఉన్నా చెడిపోదు. నేను జూన్ మొదటి వారానికల్లా రెండు స్లాబులకు సరిపడా ఇసుక సైటు పక్కన ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని దించుకుంటాను. ఆ అద్దె దండగని మా అబ్బాయి అన్నాడు కానీ, స్లాబు కింద నిలిపే సెంట్రింగు సామానుకు ఒక్క వారం అదనంగా కట్టే అద్దె ముందు అది ఏ పాటిది? పేరేచర్ల, దొనబండ క్రషర్ల నుంచి వచ్చే కంకరకు ఇంత ముందుచూపు అవసరం లేదు.

సమాధానం: ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకల తయారీదారు, ఇబ్రహీంపట్నం

అమ్మేవాడి వైపు నుంచి ఒక మాట. ఇటుక పోసిన తరువాత రెండు మూడు వారాలు తడిపితే గాని గట్టిపడదు. సోమవారం ఫోను చేసి బుధవారానికి పదివేలు పంపమంటే, నా దగ్గర ఉన్న పచ్చి ఇటుకే లోడు చేయవలసి వస్తుంది, దించేటప్పుడు అంచులు రాలిపోతాయి. గోడల పని మొదలయ్యే తేదీని నెల ముందు చెప్పేవారికి నేను విడిగా అట్టి కట్టి ఉంచుతాను. ఇక చెల్లింపులు. మాలాంటి చిన్న తయారీదారులకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆదాయపు పన్ను చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, గడువు దాటితే ఆ ఖర్చును కొన్నవారు డబ్బు చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోగలరు. చట్టం మాట ఎలా ఉన్నా, గిరాకీ ఎక్కువగా ఉన్న వారంలో మా లారీ ముందుగా వెళ్ళేది బాకీ లేని సైటుకేనని దాచకుండా చెబుతున్నాను.

సమాధానం: విశ్రాంత ఇంజినీరు, విజయవాడ

మీ ఆరు యూనిట్ల లెక్క పొడి ఇసుకకు సరైనదే. కానీ మీరు తెప్పించింది ఆగస్టులో, అంటే తడి ఇసుక. అయిదారు శాతం తేమ ఉన్న ఇసుక పాతిక శాతం వరకూ ఉబ్బుతుంది, సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువ. మిక్సరు దగ్గర ఆ ఉబ్బుకు తగ్గట్టు ఇసుక కొలిచే పెట్టె కొలత పెంచి వేయిస్తున్నారా? వేయిస్తుంటే, ఆ పెంపు మీ ఇండెంటులో (సరుకు తెప్పించే చీటీలో) కూడా ఉందా? నిటారుగా ఉన్న డబ్బాలో 200 మిల్లీమీటర్ల ఎత్తు వరకు ఇసుక వదులుగా పోసి, నీళ్ళు నిండా పట్టించి కలిపి, ఎంతకు దిగిందో కొలవండి. 160కి దిగితే ఉబ్బు 25 శాతం.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పెట్టె కొలత పెంచి వేయిస్తున్నాము, ఇండెంటులో మాత్రం పొడి ఇసుక లెక్కే రాశాను. అదే యార్డు నుంచి నిన్న వచ్చిన ఇసుకను ఈ ఉదయం మేస్త్రీ ఎదుటే డబ్బాలో పోసి చూశాను. 200 నుంచి 164కు దిగింది, అంటే ఉబ్బు 22 శాతం. ఆ లెక్కన నా ఆరు యూనిట్లలో నిజానికి ఉన్నది అయిదు యూనిట్లే, స్లాబు ఆగిందీ దాదాపు అక్కడే. మూడో అంతస్తుకు ఏడున్నర యూనిట్లు రాశాను. పక్క స్థలం యజమానితో సాయంత్రం మాట్లాడుతున్నాను.