అప్‌డేట్: గిలిగిచ్చ విత్తనాలు మొలిచాయి

పొలం గట్టు నుంచి తెచ్చిన గిలిగిచ్చ (ఎండిన కాయలు గలగలమనే మొక్క) విత్తనాలు 20 వేస్తే ఒక్కటీ మొలవలేదని జూన్‌లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది శాండ్‌పేపర్ చిట్కా. పైతోలు గట్టిది, నీళ్లు లోపలికి పోవు. కాస్త గీకి రాత్రంతా నానబెడితే ఉబ్బాయి. వారంలో 14 మొలకలు! కొందరు చెప్పిన మట్టి మార్చడం, యూరియా వేయడం అనవసరం. ఇది చిక్కుడు జాతి, వేరు బుడిపెలతో నత్రజని తనే సమకూర్చుకుంటుంది.

ఇప్పుడు కాయలు గలగలమంటున్నాయి. ఎండిన కొమ్మల మీద నారింజరంగు సీతాకోకచిలుకలు గుంపుగా వాలి రసం పీలుస్తున్నాయి, ఎంత బాగుందో! కాయల్లో పురుగులున్నా మందు కొట్టలేదు, అవీ రెక్కల పురుగులయ్యేవే. విత్తనాలు మాత్రం విషం. పిల్లలకు, మేకలకు అందనివ్వకండి.