నర్సుల నడుం నొప్పి: తప్పు వంగే తీరుదా, మంచానిదా?

ఫిజియో, చిత్తూరు
నడుం నొప్పితో వచ్చే సిస్టర్లకు నేను చెప్పేది ఒకటే. నడుం కాదు, మోకాళ్లు వంచండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఏటా ఒక పూట శిక్షణ ఇస్తే ఈ బాధ సగం తగ్గుతుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లున్నారా?

వార్డు సిస్టర్, తిరుపతి
నేనున్నాను సార్. మీ పద్ధతి బియ్యం మూటకు సరిపోతుంది. రోగి మధ్యలో భయపడి మన మెడ పట్టుకుంటాడు. మోకాళ్లు వంచడానికి చోటేదీ? ఒకవైపు గోడ, ఇంకోవైపు సెలైన్ స్టాండు, కింద చాప మీద వాళ్లమ్మ. మా మంచాలకు తల వైపు లేపే హ్యాండిల్ ఉంది కానీ మంచం ఎత్తు పెంచే వీల్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లను రెండు గంటలకోసారి తిప్పకపోతే పుండ్లు పడతాయి. ప్రతిసారీ వంగాల్సిందే.

అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రతపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటేనే 23 కిలోలు ఎత్తొచ్చు. రోగుల విషయంలో 16 కిలోలు దాటితే పరికరం వాడాలని ఆ సంస్థ పరిశోధకుడొకరు 2007లో సూచించారు. అరవై కిలోల మనిషికి ఒక్క కాలే దాదాపు పది కిలోలుంటుంది!

రేణిగుంట వాసి
పరికరాలు కొంటే స్టోర్ రూములో మూలపడతాయి, చూస్తూనే ఉన్నాం. ముందు మనుషుల్ని పెంచమనండి. జనరల్ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిలే చెబుతోంది కదా. ఏ వార్డులో ఉంది, చెప్పండి!

వార్డు సిస్టర్, తిరుపతి
మనుషులు కావాలన్నా, కాదనను. అయితే అరవై కిలోలు ఇద్దరం లేపినా తలా ముప్పై. నేను అడిగేది పెద్ద మెషీన్లు కాదు. రోగి కింద వేసే నున్నటి నైలాన్ షీటు. దాంతో ఎత్తకుండానే పక్కకు జరపొచ్చు. ఇంకో మాట, ఎవరూ పైకి అనరు గానీ: నడుం పట్టేసిన నైట్ డ్యూటీలో తోడు మనిషి దొరికేదాకా తిప్పడం ఆగిపోతుంది. చార్టులో మాత్రం తిప్పినట్టే టైము పడిపోతుంది. నష్టం రోగికే.

ఫిజియో, చిత్తూరు
ఆ షీటు వాడటానికైనా శిక్షణ కావాలి కదమ్మా?

వార్డు సిస్టర్, తిరుపతి
కావాలి సార్. మీ ఒక పూట శిక్షణలో అదే చేతికిచ్చి నేర్పండి.

రేణిగుంట వాసి
ఒకరి కింద వేసింది ఉతక్కుండా ఇంకొకరికి వేస్తే ఇన్ఫెక్షన్ రాదా? మంచానికి ఒకటైనా కావాలి. ఉతికించే ఖర్చు ఏ పద్దులో రాస్తారు?