మా ఇళ్ల పక్కనే బస్టాండ్ అంటున్నారు, ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా వీధి చివర ఖాళీ స్థలంలో బస్టాండ్ వస్తుందని రెండు నెలలుగా వింటున్నాం, పోయిన వారం కొలతలు వేసేవాళ్లు వచ్చి సున్నంతో గీతలు గీసిపోయారు, అందులో ఒకటి మా ప్రహరీ గోడకి పది అడుగుల దూరం కూడా లేదు. బస్టాండే వద్దని కాదు. కొండకి వచ్చే భక్తులకి బస్సులు కావాలి, ఇక్కడే పుట్టి పెరిగిన మాకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ రాత్రంతా ఇంజన్ ఆపకుండా నిలబెట్టే బస్సులు, ఆ పొగ... మా అమ్మకి ఆయాసం, ఇప్పుడే దిండు కింద ఇన్‌హేలర్ పెట్టుకుని పడుకుంటుంది.

ఇళ్లుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. దాన్ని చూపించి ముందే అభ్యంతరం చెప్పొచ్చా, లేక కట్టాకే ఫిర్యాదు చేయాలా? ప్లాన్ కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదామంటే జవాబుకి 30 రోజుల గడువు, ఈలోపు పని మొదలైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వాలంటే వీధంతా కలిసి ఒకటే ఇవ్వడం మేలా, ఇంటింటికీ వేరుగానా?

బస్సులు వచ్చిపోయే గేటు అవతలి రోడ్డు వైపు పెట్టి, మా వైపు ఎత్తు గోడ కట్టి చెట్లు నాటితే నాకు చాలు. మీ ఊళ్లో ఇలాంటిది జరిగుంటే ఏం చేశారో, ఏది పనిచేసిందో దయచేసి చెప్పండి.