పసిబిడ్డను చూడటానికి ఆశమ్మ ఇంటికే రావాలా? ఫోన్ చేస్తే సరిపోతుందా?

కొబ్బరితోట (కోనసీమ)

మా పాపకు మొన్న మంగళవారంతో నలభై రెండు రోజులు నిండాయి. ఆ రోజు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. రాలేదు. ఫోన్ చేసి, "పాప పాలు తాగుతోందా అమ్మా? జ్వరం ఏమైనా ఉందా? ఒక ఫోటో పెట్టు" అంది. పెట్టాను. అంతే, ఆ రోజు చూసినట్టు లెక్క. 21వ రోజూ, 28వ రోజూ కూడా ఇలాగే జరిగింది.

ఆవిడ మీద కోపంతో రాయడం లేదు. అంతకుముందు రెండుసార్లు ఇంటికి వచ్చింది. అప్పుడు ఏం చేసిందో కళ్లారా చూశాను కాబట్టే ఈ మార్పు మంచిది కాదనిపిస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 2011లో వచ్చిన పద్ధతి ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. నాలాగా ఆపరేషన్ అయితే ఏడో రోజు నుంచి ఐదుసార్లు. 2018లో వీటికి ఇంకో ఐదు కలిపారు, 3, 6, 9, 12, 15 నెలలకు. మా వైపు ఈమధ్య ఇందులో చాలావరకు ఫోన్‌లోనో, "టీకాకి వస్తావుగా, అప్పుడు చూద్దాంలే" అనో అయిపోతున్నాయి.

ఏడో రోజు సంగతి చెబుతాను. ముందురోజే ఆసుపత్రి నుంచి మా పుట్టింటికి వచ్చాం. ఆశమ్మ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చేతులు ఆరేదాకా ఆగి, పాప పొత్తిగుడ్డ విప్పింది. బొడ్డు మీద మా అమ్మ పసుపూ ఆముదమూ రాసింది. "బొడ్డుకి ఏమీ పెట్టొద్దు పిన్నిగారూ, ఆరనివ్వండి చాలు" అంది. అమ్మను నొప్పించలేదు. తర్వాత చేతి వెనకవైపుతో ముందు పాప పొట్ట, తర్వాత పాదాలు తాకి చూసింది. పొట్ట వెచ్చగా ఉంది, పాదాలు చల్లగా ఉన్నాయి. సరిగ్గా మంచం మీదే ఫ్యాను తిరుగుతోంది. మాకు ఉక్కపోతే తెలుసు గానీ, పాపకు చలేస్తుందని తట్టలేదు. గుడ్డ ఉయ్యాలలా ఉండే త్రాసులో పాపను వేలాడదీసి తూచింది. పుట్టినప్పుడు 2 కిలోల 600, ఆ రోజు 2 కిలోల 400.

అప్పుడు నా పక్కన కూర్చుని, "పాలు పట్టు, చూస్తాను" అంది. పది నిమిషాలు కదలకుండా చూసింది. పాప చనుమొన ఒక్కటే పట్టుకుంటోంది, చుట్టూ ఉన్న నల్లటి భాగం నోట్లోకి వెళ్లడం లేదు. కుట్లు నొప్పెట్టకుండా పక్కకు తిరిగి పడుకుని పట్టడం నేర్పింది. పద్నాలుగో రోజున తూస్తే 2 కిలోల 650 ఉంది.

ఆ ఏడో రోజున ఫోన్ చేసి "పాలు తాగుతోందా" అని అడిగి ఉంటే తాగుతోందనే చెప్పేదాన్ని. రోజంతా రొమ్ము దగ్గరే ఉండేది మరి. అబద్ధం కాదు, నాకు తెలిసింది అంతే. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్ నాన్న (హైదరాబాద్)

నాకు వేరే అభిప్రాయం ఉంది. మాకు ఇద్దరు పిల్లలు. మా అపార్ట్‌మెంట్‌కి ఒక్కసారి కూడా ఎవరూ రాలేదు. పిల్లలు బాగానే ఉన్నారు. ఏదైనా అనుమానం వస్తే పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాం, అవసరమైతే తీసుకెళ్లాం.

ఇంటింటికీ తిరిగే ఆశా డాక్టర్ కాదు, నర్సు కూడా కాదు. నిజంగా బిడ్డకు బాగా లేకపోతే ఎలాగూ ఆసుపత్రికే వెళ్లాలి కదా. 2020 నుంచి ప్రభుత్వ ఈ-సంజీవని ఓపీడీ ఉంది, ఇంటి నుంచి ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు. దాన్ని బలపరచకుండా ఇంటికే రావాలని పట్టుబట్టడం ఎందుకు? ఇంకో మాట. పచ్చి బాలింత ఉన్న గదిలోకి బయటివాళ్లు రావడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు. ఊళ్లు తిరిగి వచ్చే మనిషి తోబాటు జలుబో దగ్గో రాదని ఏమిటి?

ఆశమ్మ కూతురు (పల్నాడు)

నైట్‌షిఫ్ట్ నాన్న గారూ, మా అమ్మ పదిహేనేళ్లకు పైగా ఆశా. చదివింది పదో తరగతి. డాక్టర్ కాదు, నిజమే. పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం మాత్రం వచ్చు. ఒక ఇంట్లో పద్నాలుగో రోజు చూడటానికి వెళ్తే, "జలుబు అంతేనమ్మా, వాము కాపడం పెడుతున్నాం" అంది ఆ ఇంటి పెద్దావిడ. అమ్మ ఆ బాబు చొక్కా పైకెత్తి చూస్తే డొక్కలెగరేస్తున్నాడు. వాచీ పట్టుకుని నిమిషం నిండా లెక్కపెడితే డెబ్బై రెండు. అరవై దాటితే ఆలస్యం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, తనూ ఎక్కి వెళ్లింది. బాబు ఇప్పుడు మూడో తరగతి. "అవసరమైతే ఆసుపత్రికి వెళ్తాం" అన్నారు. అవసరమైందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

కొబ్బరితోట అక్కా, మీ ఊరి ఆశా ఎందుకు రాలేదో కూడా చెప్పనివ్వండి. వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అని పెట్టారు. మొదట్లో గర్భిణులు, బాలింతలు, టీకాలు. ఇప్పుడు బీపీ, షుగర్ సర్వే, టీబీ అనుమానం ఉన్నవాళ్ల కళ్లె డబ్బాలు, కుష్ఠు సర్వే, జ్వరాల సర్వే. ప్రతిదీ ఫోన్‌లో ఎక్కించాలి. ఒక్కో యాప్‌కి ఒక్కో పాస్‌వర్డ్. రాత్రి తొమ్మిదింటికి అమ్మ అరుగు మీద కూర్చుని, సిగ్నల్ కోసం ఫోన్ పైకి పట్టుకుని ఎంట్రీలు చేస్తుంది. పక్కన నేను కాగితం చూసి పేర్లు చదువుతాను. మన రాష్ట్రంలో 2019లో గౌరవ వేతనం మూడు వేల నుంచి పది వేలు చేశారు, దానికి మేం కృతజ్ఞులమే. కానీ నవజాత శిశువు ఇంటికి ఆరుసార్లు వెళ్లినందుకు కేంద్రం లెక్కగట్టింది మొత్తం 250 రూపాయలు. ఒక్కో రాకకు నలభై రూపాయలు చిల్లర.

పై నుంచి ఫోన్ చేసేవాళ్లు "ఎంట్రీ అయిందా" అని అడుగుతారు. "పాదాలు తాకి చూశావా" అని మా అమ్మను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అడిగినదే జరుగుతుంది.

మన్యం టీచర్ (పాడేరు వైపు)

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా దగ్గర ఈ ప్రశ్నే రాదు. కొండ మీది ఊళ్లకు సిగ్నల్ లేదు, ఫోన్‌లో చూడటం అనే మాటే లేదు. నడిచి వెళ్తే చూసినట్టు, లేకపోతే లేనట్టు. రోడ్డు లేని చోట నొప్పులొచ్చిన మనిషిని ఇప్పటికీ డోలీలో దించుతారు. అలాంటి ఊళ్లో "బాగా లేకపోతే ఆసుపత్రికి రండి" అంటే ఏం ప్రయోజనం?

మాకు వచ్చిన మార్పు వేరు. 2021 నుంచి అంగన్‌వాడీ లెక్కలన్నీ ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు తల్లి ముఖం ఫోటో తీసి సరిపోలాలి. సరుకు పక్కదారి పట్టకూడదనే పెట్టారు, ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ మా తల్లులు చంకలో బిడ్డతో సిగ్నల్ అందే మలుపు దాకా దిగిరావాలి. ఎండలో ముఖం సరిపోలదు, మళ్లీ తీయాలి. ఒక్కో తల్లికి పావుగంట. ఆ రోజుల్లో నేను ఏ ఇంటికి వెళ్లగలను?

ఒక్క విషయంలో మాత్రం కొబ్బరితోట గారితో కలవను. ఆరో నెల తర్వాత ఇంటికంటే అంగన్‌వాడీ కేంద్రమే మేలు. తన బిడ్డ పక్కన అదే వయసు బిడ్డ కూర్చుంటే, నేను పది మాటల్లో చెప్పలేనిది తల్లికి ఒక్క చూపులో అర్థమవుతుంది. "వాడు కూర్చుంటున్నాడు, మావాడు ఇంకా తల నిలపలేదేమి టీచరమ్మా?" అని వాళ్లే అడుగుతారు.

లీడ్స్ తెలుగమ్మ (ఇంగ్లండ్)

ఇక్కడా ఇదే గొడవ నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో హెల్త్ విజిటర్ అంటే అదనపు చదువు చదివిన నర్సు. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి, పుట్టిన రెండు వారాల లోపు, 6-8 వారాలకు, ఏడాదికి, రెండు రెండున్నరేళ్లకు, మొత్తం ఐదుసార్లు ప్రతి కుటుంబాన్నీ చూడాలి. 2015 అక్టోబరులో ఈ బాధ్యతను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించారు. ఆ తర్వాత వాటికిచ్చే నిధులు తగ్గుతూ వచ్చాయి. అప్పటితో పోలిస్తే హెల్త్ విజిటర్లు దాదాపు 40 శాతం తగ్గారు. దాంతో చాలాచోట్ల కొన్ని రాకలు ఫోన్‌కి మారాయి.

నా ఇద్దరు పిల్లలకూ మధ్య ఆ తేడా చూశాను. పెద్దవాడప్పుడు ఆవిడ ఇంటికి వచ్చింది. బాబును చూసి, మా ఆయన్ని టీ పెట్టమని వంటింట్లోకి పంపింది. తలుపు మూసుకోగానే, "నువ్వెలా ఉన్నావు?" అని అడిగింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. మూడు వారాలుగా ఎవరికీ చెప్పుకోని ఏడుపు అది. చిన్నదాని వేళకు ఫోన్ వచ్చింది. పాప చేతిలో ఉందని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. సోఫాలో అత్తయ్యగారు కూర్చున్నారు. అవతలి నుంచి అదే ప్రశ్న. "అయామ్ ఫైన్" అన్నాను. నిజానికి ఆ రెండోసారే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నైట్‌షిఫ్ట్ నాన్న గారూ, పిల్లలు బాగున్నారన్నారు, సంతోషం. తల్లి సంగతి మీరు రాయలేదు.

రిటైర్డ్ పీహెచ్‌సీ డాక్టర్

కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ పద్ధతికి మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలి. మన ఆదిలాబాద్ వైపు ప్రాణహిత దాటితే అదే జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికి వెళ్లి పసికందులను చూసే ఏర్పాటు చేశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడివాళ్లు పసికందులకు సోకే ఇన్ఫెక్షన్లకు ఇంజెక్షన్ కూడా ఇచ్చేవారు, వాళ్ల పనిని దగ్గరుండి సరిచూసేవారు. మన ఆశాలకు ఆ రెండూ లేవు. కాబట్టి ఇంటికి వెళ్లినంత మాత్రాన అదే ఫలితం వస్తుందని నేను చెప్పను.

జనన మరణాల మీద కేంద్రం చేసే ఎస్ఆర్ఎస్ సర్వే 2020 లెక్క ప్రకారం, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది లోపు మరణాలు తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. ఈ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి నెలలోవే. ఆశాల సమయం తక్కువ కాబట్టి నా సలహా ఇది. రెండున్నర కిలోల లోపు పుట్టినవాళ్లు, నెలలు నిండనివాళ్లు, ఎస్ఎన్‌సీయూలో (ఆసుపత్రిలో జబ్బు పసికందుల ప్రత్యేక వార్డు) ఉండి వచ్చినవాళ్లు... వీళ్ల ఇళ్లకు తప్పకుండా, ఆరుసార్ల కంటే ఎక్కువే వెళ్లాలి. మిగతావాళ్లను ఫోన్‌లో పలకరించినా తప్పులేదు.

కొబ్బరితోట

డాక్టరుగారూ, మీ అనుభవం ముందు నేనెంత. కానీ మా పాప పుట్టినప్పుడు 2 కిలోల 600. నెలలు నిండాయి, ఎస్ఎన్‌సీయూ ముఖం చూడలేదు. మీ లిస్టులో తను ఉండదు. ఏడో రోజుకి రెండు వందల గ్రాములు తగ్గి, పాదాలు చల్లబడి, పాలు సరిగా అందక ఉన్న పాప ఏ లెక్క ప్రకారమూ బాగున్న పాపే. త్రాసు ఇంటికి వచ్చింది కాబట్టి తెలిసింది.

రిటైర్డ్ పీహెచ్‌సీ డాక్టర్

నిజమేనమ్మా. 7, 14 రోజుల్లో ఎవరినీ వదలకూడదు. ఆ రెండిట్లో తేడా కనిపించనివాళ్ల గురించే తర్వాత ఆలోచించాలి. నేను పుట్టిన బరువు ఒక్కటే చూసి రాశాను.

నైట్‌షిఫ్ట్ నాన్న

అందరివీ చదివాను. లీడ్స్ గారి పోస్టు మా ఆవిడకు చూపించాను. ఆమె చెప్పింది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. కానీ "బాగానే ఉన్నారు" అని నేను రాసింది నా మాట, ఆమెది కాదు.

ఇంటికి రావడం గురించి నా అభ్యంతరం ఒకటి అలాగే ఉంది. చెప్పాపెట్టకుండా రావద్దు. ముందు ఫోన్ చేసి, ఎప్పుడు వీలని అడిగి రావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5)లో చూశాను, తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. కుట్లతో ఇంటికొచ్చిన తల్లులు ఇంతమంది నగరంలో ఉంటే, మా కాలనీ ఆశా ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. బస్తీలో అయితే దవాఖానా ఉంది, అందరికీ తెలిసిన మనిషి ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తే రిజిస్టర్‌లో ఏం రాసుకుంటారో మరి.

కొబ్బరితోట

ముందు ఫోన్ చేసి రావడం సబబే, ఫోన్‌ని అలా వాడితే నాకూ ఇష్టమే.

ఇంకో సమస్య ఉంది, దీనికి ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి. పురుడు పుట్టింట్లో పోసుకున్నాను. మూడో నెలలో తాడేపల్లిగూడెం దగ్గర మా అత్తవారి ఊరు వెళ్తాను. మూడో నెలలో చూడాల్సింది ఎవరు? అక్కడి ఆశాకి ఫోన్ చేస్తే, "కడుపుతో ఉన్నప్పుడు నీ పేరు నా దగ్గరే ఉందమ్మా, పాప పుట్టినట్టు మాత్రం నా రిజిస్టర్‌లో లేదు" అంది. ఇక్కడి ఆవిడేమో, "నువ్వు వెళ్లిపోతావుగా" అంటోంది. మనలో తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లనిది ఎవరు?

ఆశమ్మ కూతురు

అమ్మను అడిగి రాస్తున్నాను అక్కా. తల్లీబిడ్డల కార్డు మీద ఆర్‌సీహెచ్ నంబరు (మీ నమోదు నంబరు) ఉంటుంది, అది జాగ్రత్త. అత్తగారి ఊరు వెళ్లిన వారంలోనే, బుధవారమో శనివారమో టీకాల రోజు చూసుకుని కార్డు తీసుకుని ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్లండి. ఆ నంబరుతో వెతికి పాపను వాళ్ల లిస్టులోకి ఎక్కించమని అడగండి. ఆశాని కూడా ఆ రోజే పిలిపించి పాపను చూపించండి. ఎక్కించారో లేదో అక్కడే నిలబడి చూసుకుని రండి. ఇక్కడి ఆశా తూచిన బరువులు కార్డులో రాసి ఉన్నాయో లేదో బయల్దేరేముందే చూసుకోండి. లేకపోతే ఆవిడ చేతే రాయించుకోండి, ఆ 2 కిలోల 400 కూడా.