‘తెలియజేయడమైనది’: ఇందులో కర్త ఎవరు?

సభ్యులకు నమస్కారం. వ్యాకరణం తెలిసినవాళ్లు ఒక సందేహం తీర్చాలి.

మేం కొందరం కలిసి ఒక చిన్న సభకు అనుమతి అడిగాం. మైకు లేదు, ఊరేగింపు లేదు, కూర్చుని మాట్లాడుకోవడమే. నోటిమాటగా ‘కుదరదు’ అన్నారు. ఎవరు వద్దన్నారంటే ‘పైనుంచి ఆదేశాలు’ అన్నారు. సరే, ఆ ఆదేశం కాపీ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. వచ్చిన జవాబు మొత్తం ఇంతే:

“మీ దరఖాస్తు పరిశీలించడమైనది. కోరిన సమాచారం ఇవ్వబడదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

కింద సంతకం అనబడే ఒక వంకర గీత. హోదా ముందు ‘ఫర్’ అని పెన్నుతో రాశారు. పేరు లేదు. రబ్బరు ముద్ర సగం కాగితం మీద పడింది, మిగతా సగం వాళ్ల బల్ల మీదే ఉండిపోయి ఉంటుంది.

కోపం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పండి: ఈ రెండు వాక్యాల్లో కర్త ఎక్కడ?

*

లేడు. లేకుండా చేయడానికే ఆ రూపం.

తెలుగు క్రియకు చివర ప్రత్యయం ఉంటుంది. ‘నిరాకరించాను’ అంటే నేను, ‘నిరాకరించాం’ అంటే మేము. కర్త పదం విడిగా రాయకపోయినా క్రియే పట్టిచ్చేస్తుంది. మరి ‘తెలియజేయడమైనది’ చూడండి. ‘తెలియజేయడం’ భావార్థకం, దానికి ‘ఐనది’ తగిలించారు. ‘ఐనది’ అమహదేకవచనం, అంటే ‘అది’ అని చెప్పుకునే ఏకవచనం. అంటే అయినది ‘తెలియజేయడం’ అనే పని. ఆ పని చేసిన మనిషికి వాక్యంలో చోటే లేదు.

‘ఇవ్వబడదు’ కర్మణి ప్రయోగం. బళ్లో ‘రాముడు రావణుని చంపెను’ ఇచ్చి మార్చమనేవాళ్లం. ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అని రాస్తేనే మార్కులు. ‘రామునిచేత’ వదిలేసిన పిల్లాడికి నేను సగం కోసేవాణ్ణి. మీ ఉత్తరం రాసినాయనకూ సగమే.

*

మాస్టారూ, మీరు చెప్పింది వ్యాకరణం వరకు సరే. కానీ ఇందులో కుట్ర వెతకొద్దు. నేను ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా చేరినవాడు పాత ఫైలు తెరిచి అదే వాక్యం దించుతాడు, అంతే. ఉత్తరం రాసేది మనిషి కాదు, పదవి. ‘నేను నిరాకరించాను’ అని రాస్తే పొగరుగా ఉందని పైఅధికారే కొట్టేస్తాడు.

*

అయ్యా, పదవి తరఫునే రాయనివ్వండి. కానీ ఈ విషయంలో చట్టం పట్టుకున్నది మనిషినే. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 7(8) ఏమంటుందంటే, సమాచారం ఇవ్వనంటే కారణం చెప్పాలి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో చెప్పాలి, ఎవరికి చేసుకోవాలో చెప్పాలి. నా ఉత్తరంలో మూడూ లేవు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. అది పడేది ఆఫీసు మీద కాదు, ప్రజా సమాచార అధికారి మీద. అప్పీల్లో ‘ఇవ్వకపోవడం న్యాయమే’ అని నిరూపించుకోవాల్సిన భారం కూడా ఆయనదే, సెక్షన్ 19(5).

చట్టం ఇంత చేసి ఒక మనిషిని నిలబెడితే, ‘డమైనది’ వచ్చి ఆయన్ని మాయం చేసింది. అలవాటే కావచ్చు. ఆ అలవాటు ఎప్పుడూ ఒకవైపువాళ్లకే పనికొస్తుందేం? ఇంటి పన్ను నోటీసులో మాత్రం నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు అచ్చుతప్పు లేకుండా ఉంటాయి!

*

‘బడు’ తీసేస్తే అంతా బాగుపడుతుందనుకోకండి. పత్రికలో డెస్కు మీద చాలాకాలం ఉన్నాను. కర్తను దాచడానికి అచ్చ తెలుగులోనే బోలెడు దారులున్నాయి. కూలు-కూల్చు, కాలు-కాల్చు, జరుగు-జరుపు. ‘గుడిసెలు కూలాయి’ అంటే గాలివాన అనుకుంటాం. ‘కూల్చారు’ అంటే ఎవరని అడుగుతాం. ‘కాల్పులు జరిగాయి’, ‘కాల్పులు జరిపారు’ రెండూ ఒకటి కాదు. ఎవరు కాల్చారో నిజంగా తెలియనప్పుడు ‘జరిగాయి’ రాయడం జాగ్రత్త. తెలిసి కూడా రాస్తే వేరే సంగతి. పోలీసు ప్రకటనలో ‘లాఠీచార్జి జరిగింది’ అని వస్తే దాన్ని యథాతథంగా వేసిన రోజులున్నాయి. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరూ ఆగరు.

ఇంకొకటి, ‘అదుపులోకి తీసుకున్నారు’. ఇక్కడ క్రియకు ప్రత్యయం ఉంది, కర్త మాత్రం ఉత్త ‘వాళ్లు’. పైగా ఇది అరెస్టు అవునా కాదా తేల్చదు. అరెస్టు అంటే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణ. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది: అరెస్టు చేసే పోలీసుల పేరు, హోదా కనిపించేలా ఉండాలి, తేదీ, సమయంతో మెమో రాయాలి, దానిమీద సాక్షి సంతకం ఉండాలి. పేరు కనపడాలన్న నియమం, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లోనూ ఉంది. అది ‘అదుపు’ మాత్రమే, అరెస్టు కాదు అన్నారనుకోండి, మెమో అడిగేవాడెవడు? సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టి పంపిస్తారు. ఏ కాగితంలోనూ ఆ పూట ఉండదు.

*

‘పైనుంచి ఆదేశాలు’ గురించి ఎవరూ మాట్లాడలేదేం? తెలుగులో పైవాడు అంటే దేవుడు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో అర్థమైంది కదా అన్నా.

*

నవ్వొచ్చింది కానీ, అసలు చిక్కు అక్కడే ఉంది. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావడం రాజ్యాంగం 19(1)(బి) కింద హక్కు. దాని మీద ఆంక్ష పెట్టొచ్చు, కానీ చట్టం ప్రకారం పెట్టాలి. నోటిమాట చాలదు. 2020లో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 144 సెక్షన్ ఉత్తర్వులనూ, ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులనూ ప్రచురించాలని చెప్పింది, బాధపడినవాళ్లు కోర్టుకు వెళ్లి సవాలు చేసేందుకు. చేతిలో ఉత్తర్వే లేకపోతే దేన్ని సవాలు చేస్తాం? ఆ 144 ఇప్పుడు కొత్త సంహితలో 163 అయింది. నంబరు మారింది, ‘పైనుంచి’ మారలేదు.

*

మళ్లీ నేనే, పంతుల్ని. అప్పీలు రాసేటప్పుడు ‘కోరడమైనది’ అని మీరూ మొదలుపెట్టకండి. ‘కోరుతున్నాను’ అనండి. ‘నిరాకరించబడినది’ కూడా వద్దు. ‘ఎవరు నిరాకరించారు, ఏ తేదీన, ఏ సెక్షన్ కింద’ అని మూడు ముక్కల్లో అడగండి. వాళ్ల వాక్యమే వాడాలనుకుంటే ‘ఎవరిచేత ఇవ్వబడదు?’ అని రాయండి, వ్యాకరణరీత్యా తప్పేం లేదు.

*

మాస్టారితో వాదన తర్వాత పెట్టుకుంటాను కానీ, ఆఫీసు మనిషిగా ఒక మాట. సంతకం దగ్గర పేరు లేకపోతే అక్కడే ఆగిపోకండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రజా సమాచార అధికారుల పేర్లు, హోదాలు ఆఫీసే ముందుగా ప్రచురించాలి. బోర్డు మీద ఉంటే ఫొటో తీసి అప్పీలుకు జతచేయండి. లేకపోతే లేదనే రాయండి, అది ఇంకో పాయింటు. ఉత్తరం అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు పడాలి. తపాలా ముద్ర ఉన్న కవరు పారేయకండి, తేదీ దగ్గర పేచీ పెడతారు.