ఆర్టరీ ఫోర్సెప్స్‌కి గోధుమరంగు మచ్చలు: తుప్పా, మరకా?

ప్రశ్న: మాది చిన్న నర్సింగ్ హోమ్. ఓటీ (ఆపరేషన్ థియేటర్) నేనే చూసుకుంటాను. కొత్త ఆర్టరీ ఫోర్సెప్స్‌కి (రక్తనాళాన్ని నొక్కిపట్టే పట్టకార్లు) ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) నుంచి తీయగానే గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయి, కీలు దగ్గర మరీ ఎక్కువ. సరుకు నాసిరకం, సప్లయర్‌కి తిప్పి పంపమంటున్నారు మా సార్. కేసు అవగానే సెలైన్‌లో వేస్తాం, తర్వాత బ్లీచ్‌లో నానబెట్టి బోరు నీళ్లతో కడుగుతాం.

జవాబు: సిస్టర్, సప్లయర్ సంగతి తర్వాత. ముందు పెన్సిల్ రబ్బరుతో మచ్చను గట్టిగా రుద్దండి. మచ్చ పోయి కింద నున్నగా ఉంటే మరక. గుంట తేలితే తుప్పు. అలాంటిదాన్ని వెంటనే సెట్టులోంచి తీసేయండి, పక్కవాటినీ పాడుచేస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకు క్లోరైడ్ పడదు. సెలైన్ అంటే ఉప్పునీళ్లే కదా! దానిపైన బ్లీచ్, ఆపైన బోరు నీళ్లు. పాపం, ఏ కంపెనీ ఫోర్సెప్స్ మాత్రం తట్టుకుంటుంది? ఇకనుంచి కేసు అయ్యాక మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ కప్పి ఉంచండి, రక్తం ఎండకూడదు. తర్వాత లాకులన్నీ విప్పి ఎంజైమ్ సొల్యూషన్‌లో, సీసా మీద రాసినంతసేపే నానబెట్టండి. బ్రష్షుతో నీటి లోపలే రుద్దాలి, లేకపోతే తుంపరలు మొహాన పడతాయి. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చివరి కడుగుడు ఆర్వో లేదా డిస్టిల్డ్ నీళ్లతో. పూర్తిగా ఆరాకే ప్యాక్ చేయండి.

ప్రశ్న: థాంక్స్ అన్నా. కీళ్లు బిగుసుకుంటే మా ఆయమ్మ కొబ్బరినూనె రాస్తోంది, పర్వాలేదా? ఆటోక్లేవ్‌లో పెట్టే డ్రమ్ములో గుడ్డలు కూడా తడిగా వస్తున్నాయి. పైన అంటించే ఆటోక్లేవ్ టేపు మీద గీతలైతే నల్లబడ్డాయి.

జవాబు: నూనె వద్దే వద్దు. నూనె పొర కిందికి ఆవిరి చేరదు. నీళ్లలో కలిసే ఇన్‌స్ట్రుమెంట్ లూబ్రికెంట్ దొరుకుతుంది, అది వాడండి.

తడిగా వచ్చిన ప్యాక్ స్టెరైల్ కానట్టే, మళ్లీ కొత్తగా ప్యాక్ చేసి వేయాల్సిందే. టేపు నల్లబడితే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్లొచ్చిందని మాత్రమే అర్థం, క్రిములు చచ్చాయో లేదో స్పోర్ టెస్టే (మొండి క్రిములను లోపల పెట్టి, చచ్చాయో లేదో చూసే పరీక్ష) చెప్పాలి. మీ డ్రమ్ములో గుడ్డలు కుక్కి పెడుతున్నారేమో చూడండి, చెయ్యి సులువుగా దూరాలి. లోపల పెట్టేటప్పుడు డ్రమ్ము కిటికీలు (ఆవిరి వెళ్లే రంధ్రాలు) తెరిచి, తీయగానే మూసేయాలి. టైము స్విచ్ వేసినప్పటినుంచి కాదు, 121 డిగ్రీలు అందుకున్నాక లెక్కపెట్టండి. ఆవిరంతా పోయాక తలుపు కొంచెం తెరిచి కాసేపు వదిలేయండి. వేడి డ్రమ్మును చల్లని గచ్చు మీద పెట్టినా అడుగున నీరు చేరుతుంది.

ప్రశ్న: రబ్బరుతో రుద్దితే చాలావాటికి పోయిందన్నా. రెండింటికి మాత్రం కీలు లోపల గుంటలు పడ్డాయి. వాటిని తీసేశాం.